మాతువూ ధాతువూ: పంచుకున్న ఇల్లు

సికింద్రాబాదులోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు భక్త రామదాసు పేరు పెట్టారు. మంచి పేరే పెట్టారు. రామదాసు అనబడే కంచెర్ల గోపన్న పదిహేడో శతాబ్దపు గోలకొండ రాజ్యంలో పాల్వంచ తహసీలుదారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోలకొండ కోటలో ఖైదు అనుభవించినవాడు. ఆయన కీర్తనలు రచించాడు. దాశరథీ శతకమూ రచించాడు. ఒకే చెయ్యి, ఒకే గొంతు, ఒకే వేదన. ఈనాడు ఆ శతకం తెలుగు శాఖల వాటాకు వచ్చింది. కీర్తనలు సంగీత కళాశాల వాటాకు పోయాయి. అన్నదమ్ములు ఇల్లు పంచుకొని నడుమ గోడ పెట్టుకున్నట్టు ఆయన్ను మనం పంచుకున్నాం. తెలుగు విద్యార్థి శతకం చదివి ఇది ఉత్పలమాల, ఇది చంపకమాల అని గుర్తించి పరీక్ష ప్యాసవుతాడు. సంగీత విద్యార్థి కీర్తన నేర్చుకొని రాగమూ తాళమూ చెప్పి తానూ ప్యాసవుతాడు. గోడకు ఆవల ఏముందో చూడవలసిన అవసరం ఇద్దరిలో ఏ ఒక్కరికీ రాదు.

సంగీతాన్నీ సాహిత్యరచననూ ఒకే విద్యార్థి, ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకదానితో ఒకటి ముడిపడిన విద్యలుగా ఎందుకు నేర్చుకోకూడదు అన్నది ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్న ప్రశ్న. ఇది కేవలం పాఠ్యప్రణాళిక వ్యవహారమని తీసిపారెయ్యడానికి వీల్లేదు. తెలుగు ప్రజల సాహిత్యంలో హెచ్చు భాగం పాట. ఆ పాటను పూర్తిగా చదవగల చదువు మన దగ్గర లేకపోతే, ప్రజల సాహిత్యాన్ని గురించి మనం చెప్పే మాటలన్నీ సగం మాటలే అవుతాయి.

1

ఈ రెంటినీ కలపడం ఏదో కొత్త ఫ్యాషనని కొందరు పెద్దలు అనుకుంటారు. వారికి ప్రాచీన గ్రంథాన్నే సాక్ష్యంగా చూపించవచ్చు. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో వున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వాగ్గేయకారుని లక్షణం చెప్పాడు. వాక్కు అంటే మాట, దానికి మాతువని పేరు. గేయమంటే పాడదగిన స్వరరచన, దానికి ధాతువని పేరు. రెండూ తానే చెయ్యగలవాడు వాగ్గేయకారుడు. అతనికి వుండవలసిన అర్హతలు ఏకరువు పెట్టేటప్పుడు ఆ సంగీత శాస్త్రకారుడు మొట్టమొదట చెప్పినది గొంతును గురించి కాదు, రాగజ్ఞానం కూడా కాదు. వ్యాకరణ జ్ఞానం! తర్వాత నిఘంటువు, ఛందస్సు, అలంకారం, రసభావాలు, దేశాచార పరిజ్ఞానం. ఆ తర్వాతనే తాళలయాలూ గాత్రమూ. అంటే ఆనాటి సంగీత గ్రంథం సంగీత విద్యార్థిని ముందు భాషాశాలలో కూర్చోబెట్టి, ఆ తర్వాతనే గానశాలకు రమ్మన్నది.

అంతేకాదు. మాతువు ఒకటి బాగుండి ధాతువు మందంగా వున్నవాడూ, ధాతువు బాగుండి మాతువు చాలనివాడూ ఉత్తముడు కాడని అతడు మెట్లు కట్టాడు. ఇతరులు కట్టిన వరసకు మాటలు మాత్రం కూర్చేవానికి కుట్టికారుడని ప్రత్యేకంగా పేరు పెట్టాడు. ఈ చివరి మాట మనకు నవ్వూ తెప్పిస్తుంది, ఆలోచనా తెప్పిస్తుంది. నేటి సినిమా పాటల రచయితలలో అత్యధికులు చేస్తున్న పని సరిగ్గా అదే గదా! ముందు బాణీ వస్తుంది, తర్వాత మాటలు వస్తాయి. వారిని నిందించడానికి ఈ మాట అనడంలేదు. శ్రీశ్రీ మొదలుకొని ఎందరో గొప్ప కవులు ఆ పని చేసి, ఆ ఇరుకులోనే మంచి పాటలు రాశారు. మాటా స్వరమూ కలుసుకొనే చోటు విద్యాలయంలో లేకుండా పోయినప్పుడు, ఆ కలయిక మార్కెట్టు చేతికి చిక్కింది. మార్కెట్టులో ఎవరు ఎవరికి లోబడాలో నిర్ణయించేది కళ కాదు, పెట్టుబడి. కలయికకు మరో చోటు చూపించవలసిన బాధ్యత ఎవరిది? విద్యాసంస్థలది కాదా?

2

ఈ గోడ ఎప్పుడు లేచింది? కొంచెం వెనక్కు పోవాలి.

అన్నమాచార్యులు (1408–1503) వేల సంకీర్తనలు చెప్పాడు; ఆయన కుమారుడు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. మనుమడు చినతిరుమలాచార్యుడు పాట రాయడమెలాగో చెప్పే లక్షణగ్రంథాన్ని, సంకీర్తన లక్షణమనే పేరుతో, తెలుగు పద్యాలలో కూర్చాడు. పాట రచనకు శాస్త్రం లేదనేవారు ఈ పుస్తకాన్ని మరచిపోకూడదు.

తంజావూరు నాయక, మరాఠా రాజుల కాలంలో సంగీతమూ సాహిత్యమూ నాట్యమూ కలిపి నేర్పిన పాఠశాలలేవి? దేవదాసీల ఇళ్లు. ఆ ఇళ్లలో ఆడపిల్లకు అక్షరాలూ, పదాలూ, రాగతాళాలూ, అభినయమూ ఒకే గురుకులంలో అబ్బేవి. ఆనాడు ఇతర గృహాలలో స్త్రీలకు అక్షరం కూడా అందుబాటులో లేదన్న సంగతి జ్ఞాపకం పెట్టుకుంటే, ఈ విషయం ప్రాముఖ్యం తెలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది ఆ చదువుతోనే. ఆ కావ్యం అచ్చుప్రతిలో భాగాలు లోపించాయని పసిగట్టి, మరో ప్రతి సంపాదించి, సరిచూసి 1910లో సంపూర్ణంగా ప్రకటించిందెవరు? పండితుడు కాదు, ఆచార్యుడు కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ అనే గాయని. బ్రిటిషు ప్రభుత్వం అశ్లీలమని ఆ పుస్తకాన్ని నిషేధించింది. త్యాగరాజు సమాధికి తన ఆస్తి ధారపోసి మందిరం కట్టించి, అక్కడ స్త్రీలు పాడే హక్కుకోసం నిలబడ్డదీ ఆమెయే. ఒక గాయని చేసిన గ్రంథపరిష్కరణ మన సాహిత్య చరిత్రలోని ఒక పెద్ద ఖాళీని పూడ్చింది. రెండు చదువులు ఒక తలలో వుంటే ఏం జరుగుతుందో దానికి ఇంతకంటె మంచి నిదర్శనం అక్కర్లేదు.

దేవదాసీ వ్యవస్థ దుర్మార్గమైన వ్యవస్థ. అది పోవలసిందే, పోయింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. దాన్ని గురించి కన్నీరు కార్చడానికి అభ్యుదయవాదులమైన మనం సిద్ధంగా లేము. కాని వ్యవస్థను కూల్చినవారు, ఆ వ్యవస్థ సంకెళ్లలో పడివున్న విద్యను విడిపించి, అందరికీ పంచలేదు. సంగీతం మధ్యతరగతి ఇళ్ల పెళ్లిచూపుల అర్హత అయింది; సాహిత్యం విశ్వవిద్యాలయ పట్టం అయింది. ఆ విద్యను తరతరాలుగా మోసిన స్త్రీలకు ఈ రెండు వాటాలలోనూ చోటు దక్కలేదు.

విజయనగరంలో 1919లో సంగీత పాఠశాల తెరిచినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. హరికథకు తానే మాట, తానే పాట, తానే ఆట అయినవాడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను అనువదించిన బహుభాషావేత్త. అటువంటి మనిషి చేతుల మీదుగా మొదలైన పాఠశాల మాతు ధాతువుల ఉమ్మడి విద్యాలయం కాగలిగేది. ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు వచ్చి ఫిడేలు విద్యను శిఖరానికి చేర్చారు. ఘంటసాల వెంకటేశ్వరరావు వంటి గాయకుడు ఆ కళాశాలలోనే తయారయ్యాడు. గొప్ప ఫలితాలే. అయితే హరికథలో కలిసివున్న మూడు విద్యలు పాఠ్యక్రమంలోకి వచ్చేసరికి గాత్రం, వీణ, ఫిడేలు, మృదంగం అనే గదులుగా విడిపోయాయి. రచనకు గది దొరకలేదు. అదే ఊళ్లో అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1910లో, గురజాడ అప్పారావు చెవితో లయ పట్టి ముత్యాలసరం కట్టాడన్న సంగతి ఏ గదికీ పనికిరాలేదు.

3

గోడ వున్నా దాటినవారు లేకపోలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించాడు. వేమనను గురించి ఆయన చేసిన ఉపన్యాసాలు మన విమర్శలో మైలురాయి. ఆయనే అన్నమాచార్య సంకీర్తనలను పరిష్కరించి, ఎన్నింటినో స్వరపరచి ప్రకటించాడు. 1974లో సంగీత కళానిధి బిరుదం అందుకున్నాడు. రాగిరేకుల మీద రాగం పేరు వుంది గాని స్వరం లేదు. ఆ పాటకు మళ్లీ ప్రాణం పోయాలంటే పదం ఎక్కడ విరుగుతుందో తెలియాలి, భావం ఎక్కడ వాలుతుందో తెలియాలి, రాగం దానికి ఎక్కడ తోడు నిలుస్తుందో తెలియాలి. తెలుగు మాత్రమే వచ్చినవాడు చెయ్యలేడు. సంగీతం మాత్రమే వచ్చినవాడూ చెయ్యలేడు.

బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) మరో నిదర్శనం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదివాడు. సంగీతం ఆ తరగతులకు వెలుపల నేర్చాడు. రెంటినీ ఆకాశవాణిలో కలిపాడు. ఆయన రచించిన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము 1958లో వెలువడి, 1961లో సాహిత్య అకాడమీ బహుమానం పొందింది. ఇక మన ఊరి సంగతి. సి. నారాయణరెడ్డి 1950లలో సికింద్రాబాదు కళాశాలలో తెలుగు పాఠం చెప్పిన లెక్చరరే. 1957లో వచ్చిన ఆయన కర్పూర వసంతరాయలు గేయకావ్యం. మాత్రాగతుల మీద ఆయనకున్న పట్టు సినిమా పాటకూ కావ్యానికీ ఒక్కటే.

ఈ ముగ్గురినీ చూపించి, చదువు లేకుండానే ఇంతమంది వచ్చారు గదా, ఇక చదువెందుకని వాదించవచ్చు. నేను ఆ వాదాన్ని తిరగవేసి అడుగుతాను. రెండో విద్యను తరగతికి వెలుపల నేర్చుకోవడానికి ఇంట్లో వాతావరణం వుండాలి, తీరిక వుండాలి, గురువు దగ్గరకు చేర్చే కులమో, పరిచయమో, డబ్బో వుండాలి. అవి వున్నవారిలో ప్రతిభావంతులు గోడ దూకారు. లేనివారిలో ప్రతిభావంతులు ఎందరు గోడకు ఇవతలే వుండిపోయారో ఎవరు లెక్కపెట్టారు? ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది. దానికి నిచ్చెన వెయ్యడానికే గదా ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయాలు!

4

నా తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన చెబుతాను. ఒకనాడు రగడలు బోధిస్తున్నాను. వృషభగతి రగడకు పాదానికి ఇరవై ఎనిమిది మాత్రలు, మూడూ నాలుగూ చొప్పున నాలుగుసార్లు అని నల్లబల్ల మీద రాసి గీతలు గీశాను. విద్యార్థులు దించుకుంటున్నారు, ఎవరికీ ఏమీ అందలేదని వారి ముఖాలే చెబుతున్నాయి. వెనక బెంచీలో ఒక కుర్రవాడు వున్నాడు. లష్కరు బోనాలలో వాళ్ల ఇంటివాళ్లు డప్పు కొడతారు. అతడు బల్ల మీద వేళ్లతో మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు ఆవృతాలు తిరిగేసరికి తరగతి మొత్తం ఆ నడకను పట్టుకున్నది. నేను అడగగా, పుస్తకాల సంచీ బరువును గురించి ఆ గతిలో రెండు పాదాలు అక్కడికక్కడే కట్టి చెప్పాడు. ఒక్క మాత్ర తప్పలేదు.

ఆ ఏడాది పరీక్షలో రగడ లక్షణం రాయమన్నారు. అతడు సూత్రం తప్పు రాశాడు, మార్కులు పోయాయి. ఆ ఛందస్సులో కొత్త పాదం కట్టగలడా అని అడిగే ప్రశ్న ఆ కాగితం మీద లేదు. రగడను గురించి రాయగలవారికి మార్కులు వచ్చాయి. రగడ రాయగలవానికి రాలేదు. అతడి సమాధాన పత్రాన్ని తలచుకున్నప్పుడల్లా, తప్పింది అతడా, మేమా అనే సందేహం నాకు కలుగుతూనే వుంటుంది.

సృజనాత్మక రచన నేర్పితే వచ్చేది కాదని మన శాఖలలో ఒక నమ్మకం పాతుకుపోయింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే రచనాశాల తెరిచి, రచననే పట్టానికి అర్హతగా అంగీకరించింది. అంత దూరం పోనక్కరలేదు. పక్క వీధిలోని సంగీత కళాశాలలో ఏం జరుగుతోందో చూస్తే చాలు. అక్కడ సరళీస్వరాలతో మొదలుపెడతారు. జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కృతులు అయ్యాక విద్యార్థిని మనోధర్మంలోకి దించుతారు. నెరవల్ సంగతి తీసుకోండి. సాహిత్యంలో ఒక పాదం తీసుకొని, దాని అక్షరాలను తాళంలో వాటి చోట్లనుంచి అంతగా కదల్చకుండా, ప్రతి ఆవృతానికీ రాగాన్ని కొత్తగా విప్పి చూపించాలి. గురువు పాడతాడు, శిష్యుడు అందుకుంటాడు; తప్పితే అక్కడికక్కడే సరిదిద్దుతాడు. కట్టుబాటు లోపల స్వేచ్ఛను అభ్యాసం చేయించే పద్ధతి ఇది. సృజన నేర్పగలమా అని తెలుగు శాఖ తర్కించుకుంటూ వుండగా, సంగీత శాఖ దాన్ని రోజూ నేర్పుతూనే వుంది.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరగాలి. సంగీత విద్యార్థులలో ఎందరో సంధి విడదీయడం తెలియక పదం నడుమ ఊపిరి తీసుకుంటారు. అర్థం తెలియక కరుణభావాన్ని కచేరీ హుషారుగా పాడేస్తారు. క్షేత్రయ్య పదంలో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అని తెలియకుండా రాగం మాత్రం పాడితే అది అందమైన ధ్వని మాత్రమే అవుతుంది. ఆ లోటు తీర్చగలది తెలుగు శాఖ. శార్ఙ్గదేవుడు వ్యాకరణాన్ని మొదట చెప్పింది ఇందుకే.

5

ఇప్పుడు మనల్ని మనం విమర్శించుకోవలసిన ఘట్టానికి వచ్చాం.

పాటను గౌరవించింది అభ్యుదయోద్యమమే అని మనం గర్వంగా చెప్పుకుంటాం. నిజమే. అరసం పుట్టిన 1943లోనే ప్రజానాట్యమండలి పుట్టింది. షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను ఊళ్ల అరుగుల మీదినుంచి లక్షలమంది గుండెల్లోకి తీసుకుపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి, సుద్దాల హనుమంతు పాటలు ఆయుధాలైనాయి. తర్వాతి తరంలో గద్దర్ (1949–2023) ఈ జంటనగరాల గడ్డమీదినుంచే జననాట్యమండలి పాటను దేశమంతా వినిపించాడు.

అయితే ఈ పాటలను గురించి మన విమర్శకులు ఏం రాశారు? వస్తువును గురించి రాశారు. వర్గదృక్పథాన్ని గురించి రాశారు. ఆ పాటను పాటగా నిలబెట్టిన బాణీ ఏ జానపద వరసలోనుంచి వచ్చింది, వంతపాటలో ఆ మాట ఎందుకు తిరిగి తిరిగి వస్తుంది, గతి మారిన చోట భావం ఎలా మలుపు తిరిగింది అని ఎంతమంది రాశారు? పాటల మీద సిద్ధాంత వ్యాసాలకు కొదవలేదు. వాటిలో పాటను కరపత్రంలా చదివినవే హెచ్చు. కరపత్రమే చాలితే హనుమంతు పాట కట్టడమెందుకు? జనం పాటనే ఎందుకు ఎత్తుకున్నారు? ఈ ప్రశ్నకు జవాబు స్వరంలో వుంది, లయలో వుంది. స్వరం చదవడం మనకు రాదు. రాని దానిని ముఖ్యం కాదన్నాం. ఇది సిద్ధాంతం కాదు, చదువులోని లోటు. దానికి సిద్ధాంతం ముసుగు వేశాం.

దీనికొక గట్టి అభ్యంతరం వుంది. ప్రజల పాట పోరాటంలో పుట్టింది, పాఠ్యక్రమంలో పుట్టలేదు. విశ్వవిద్యాలయంలోకి తీసుకువస్తే దానికి పళ్లు పీకి బోనులో పెట్టినట్టవుతుంది అంటారు. ఈ భయం అకారణమైనది కాదు. బడి మొహం చూడని అందెశ్రీకి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన గీతం 2024లో తెలంగాణ రాష్ట్రగీతమైంది. గోరటి వెంకన్న వల్లంకి తాళానికి 2021 సంవత్సరపు సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. గౌరవించడం మంచిదే. కాని శాలువా కప్పి పంపించడం వేరు, ఆ విద్యకు తరగతి గది ఇవ్వడం వేరు. మొదటిది ప్రభువులు చేసే పని, రెండోది ప్రజాస్వామ్యం చేసే పని. నాజర్ బుర్రకథ గాలివాటున రాలేదు. కఠోరమైన సాధన మీద నిలిచింది. శిక్షణ ప్రజాకళకు శత్రువైతే ప్రజానాట్యమండలి దళాలకు తర్ఫీదు ఎందుకిచ్చింది? బోను అయ్యేది శిక్షణ వల్ల కాదు. ఎవరి సంగీతం శాస్త్రం, ఎవరి సంగీతం కేవలం జానపదం అనే అంతస్తుల వల్ల. మృదంగానికి ఆచార్యుడుండి, డప్పుకు పరిశోధకుడు మాత్రమే వుండే స్థితి మారనంతకాలం, సంగీత సాహిత్యాల కలయిక కూడా పైతరగతి విందుగానే మిగిలిపోతుందని ఒప్పుకుంటాను. అందుకే కలయికతో పాటు ఆ అంతస్తులనూ ప్రశ్నించాలంటున్నాను.

6

అవకాశాలు రాలేదా? వచ్చాయి. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, అంతకుముందున్న సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీల పనులన్నీ దాని కప్పు కిందికి వచ్చాయి. కప్పు ఒక్కటే, గదులు మాత్రం ఊరికొకటి. లలితకళలు హైదరాబాదులో, సాహిత్యపీఠం రాజమహేంద్రవరంలో, జానపద గిరిజన విజ్ఞానపీఠం వరంగల్లులో! పాట రాయదలచిన పిల్లవాడికి ఈ మూడూ కావాలి. మూడూళ్లూ తిరిగే ఓపిక ఎవరికుంది? 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ గదుల నడుమ సరిహద్దు కూడా వచ్చింది. 2025లో తెలంగాణ శాసనసభ ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పినవాని పేరది. పేరుకు తగిన పని ఇంకా మిగిలే వుంది.

2022లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం విద్యార్థి ఒకే కాలంలో రెండు పట్టాలకు చదువుకోవచ్చునని అనుమతించింది. ఇక ఒకడు ఎం.ఏ. తెలుగూ, సంగీతమూ కలిపి చదవడానికి నిబంధన అడ్డురాదు. కాని రెండు పట్టాలు పక్కపక్కన పెట్టుకున్నంతమాత్రాన రెండు విద్యలు కలుస్తాయా? ఉదయం గోడకు ఈ పక్క, సాయంత్రం ఆ పక్క కూర్చున్నవానికి రెండు వైపులా గోడే కనిపిస్తుంది. రవీంద్రుడు విశ్వభారతిలో సంగీతభవనాన్ని చదువుకు అలంకారంగా కాక చదువులో భాగంగా నిలబెట్టాడు. మనకు కావలసింది ఆ పద్ధతి.

నేను గొంతెమ్మ కోరికలు కోరడంలేదు. తెలుగు ఎం.ఏ.లో ఛందస్సు పత్రాన్ని తాళం వేస్తూ బోధించమంటున్నాను. పరీక్షలో సగం మార్కులు రచనకు ఇవ్వమంటున్నాను. సంగీత డిప్లొమాలో ఒక సాహిత్య పత్రం పెట్టమంటున్నాను. కోరిన విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి బదులు తాను రాసి, బాణీ కట్టి, పాడి వినిపించిన పాటల సంపుటిని సమర్పించుకోనివ్వమంటున్నాను. దాన్ని పరీక్షించడానికి తెలుగు ఆచార్యుడూ, సంగీత విద్వాంసుడూ, ఒక బుర్రకథకుడో ఒగ్గుకథకుడో ముగ్గురూ ఒక బల్ల ముందు కూర్చోవాలంటున్నాను. మూడో కుర్చీ గురించే అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు. అసలు ప్రశ్న ఆ కుర్చీ గురించే.

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల మెట్ల దగ్గరనుంచి సికింద్రాబాదు సంగీత కళాశాల గుమ్మానికి ఎంతో దూరం లేదు. సిటీ బస్సు ఎక్కితే కాసేపట్లో చేరవచ్చు. ఆ దారిని తెలుగు చదివే పిల్లలు, పాట నేర్చే పిల్లలు ఎదురెదురుగా దాటిపోతూనే వున్నారు. వాళ్ల చేతిలో వున్నవి ఒకే గోపన్న రాసిన రెండు సగాలని చెప్పేవారు లేరు. చెప్పవలసింది మనం, ఉపాధ్యాయులం. బల్ల మీద వేళ్లతో మూడూ నాలుగూ కొట్టే కుర్రవాడు వచ్చే ఏడాది కూడా మన తరగతిలో ఎక్కడో వెనక బెంచీలో కూర్చుంటాడు. ఈసారైనా ప్రశ్నపత్రం అతడిని అడగవలసింది అడుగుతుందా?